ఐదు చుక్కల సాయం

జనవరి 9

అత్తా,

ఫోన్లో వద్దు, ఉత్తరం రాయి అన్నావు కాబట్టి రాస్తున్నాను. "నువ్వు ఊఁ కొడుతూ వెనకాల టకటకలాడిస్తుంటావు, నాకు వినబడదనుకున్నావా" అన్నావు చూడు, ఆ మాట నిజమే. ఇన్నేళ్ళు కుట్టుమిషన్ల హోరులో పనిచేసి మనుషుల మాట సగమే అందే నీ చెవులకు నా కీబోర్డు చప్పుడు ఎలా అందిందో నాకు అర్థం కాలేదు. ఒక రకంగా ఇదే నయం. ఉద్యోగం మానేశానని నువ్వు పెట్టే చీవాట్లు ఫోన్లో అయితే ఒక్కసారే, ఉత్తరంలో అయితే కావలసినప్పుడల్లా చదువుకోవచ్చు.

మా ఆఫీసు ఎలా ఉంటుందని అడిగావు. ఆఫీసు అనకు, నాకే నవ్వొస్తుంది. బ్యాటరీల షాపు మీద ఒక గది. మెట్లెక్కుతుంటే ఆసిడ్ వాసన గొంతు పట్టుకుంటుంది. రెండు బల్లలు, మూడు కుర్చీలు. మూడో కుర్చీ ఎవరైనా పెద్దమనుషులు వస్తే కూర్చోబెడదామని కొన్నాం. కొన్నప్పటి నుంచీ దాని మీద హెల్మెట్ కూర్చుంటోంది. కిటికీ తెరిస్తే చేయి చాపినంత దూరంలో పక్క బిల్డింగు గోడ. దాని మీద ఎవరో "ఇక్కడ నిలబడరాదు" అని రాశారు. నిలబడదామన్నా అక్కడ చోటు లేదు.

నువ్వు మూగనోము అని పేరు పెట్టిన మా కాలేజీ అబ్బాయి అలాగే ఉన్నాడు. బొమ్మలన్నీ అతను గీస్తాడు, వాటిని కదిలించడం నా పని. పోయినేడు మేం వదిలిన మొదటి ఆట సంగతి నీకు తెలుసు. దాన్ని ఫోన్లో దించుకున్నవాళ్ళకంటే దాన్ని చేస్తూ మేం తాగిన టీలు ఎక్కువ. ఈసారి అలా కాదు. ఈ ఆట పేరు "దారం". ఒక దారపుండ ఇల్లంతా దొర్లుతుంది. కుర్చీకాళ్ళకు చుట్టుకోకుండా, ముడి పడకుండా దాన్ని ఒక్కో గది దాటించాలి. ఒక్కో గదికి అతను నెలల తరబడి రంగులు వేశాడు. చివరి గది నీకోసం. ఏముందో చెప్పను. ఆడి చేరుకో.

వచ్చేవారం స్టోర్‌లో పెడుతున్నాం. స్టోర్ అంటే ఫోన్లో ఆటలు దొరికే అంగడి అనుకో. జనం ముందు ఆటను చూడరు, దాని పక్కన ఎన్ని చుక్కలున్నాయో చూస్తారు. ఆడినవాళ్ళు ఇచ్చే మార్కులు అవి, ఐదుకి. మొదటి వారాల్లో చుక్కలు పడకపోతే ఆట అడుక్కి పోతుంది, ఇక ఎవరికీ కనబడదు. నీ వంతుగా నువ్వూ ఐదు చుక్కలు వెయ్యి.

ఇది కూడా మునిగితే గది ఖాళీ చేస్తాం. నేను మళ్ళీ పాత ఆఫీసుకే పోయి ఎవరో నింపిన ఫారాల్లో గడులు సరిచేసుకుంటూ బతుకుతాను. అతనికి అదీ లేదు. బొమ్మలు తప్ప వేరే పని రాదు.

నీ చీవాట్ల కోసం కాచుకుని ఉన్న
గడుగ్గాయి


జనవరి 19

గడుగ్గాయీ,

ఉత్తరం అందింది. కోడి గెలికినట్టున్న ఆ రాత చదవడానికి రెండు టీ విరామాలు పట్టాయి. అంత చదువు చదివి, వేళ్ళతో టకటకలాడించడమే తప్ప రాయడం మరిచిపోయావు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా దారంతో చచ్చి, తెగిన దారాలు అతికించి, ముడిపడిన దారాలు విప్పి ఇంటికి పోయే మనుషులం. మళ్ళీ సరదాగా దారంతో ఆడుకోండి అంటావా. నీ తెలివి సంతకెళ్ళ. అయినా ఫోన్లో వేయించుకున్నాను. మా బట్టల ఫ్యాక్టరీలో, మా లైన్లోనే, బొత్తాల కాజాలు కుట్టే మిషను మీద కూర్చునే ఆవిడ ఉంది, ఫోను సంగతులన్నీ ఆవిడకే తెలుసు. ఆవిడే వేసిపెట్టింది. మూడో గదిలో బీరువా కాలికి దారం చుట్టుకుని కూర్చున్నాను, ముందుకూ పోదు, వెనక్కూ రాదు. బొమ్మలు మాత్రం బాగున్నాయి. గోడ మీద ఎండ పడితే నిజంగా వెచ్చగా ఉంటుందేమో అని వేలు పెట్టి చూశాను. చూసి నవ్వుకున్నాను.

మూగనోము మా ఇంటికి వచ్చినప్పుడు రెండు రోజులున్నాడు, రెండే మాటలన్నాడు. ఒకటి "చాలండీ", రెండోది "వెళ్ళొస్తాను". అటువంటివాడితో రెండేళ్ళు ఒకే గదిలో ఎలా వేగుతున్నావే. పోనీలే, నువ్వు ఇద్దరి మాటలూ మాట్లాడేస్తావు కదా.

నువ్వు ఉద్యోగం మానేశావని కాదు నా కోపం. మానేశాక మూడు నెలలకు చెప్పావని. మంచో చెడో ముందు నాకు చెప్పు. నేనేం కొరుక్కు తినను.

ఆ చుక్కలు పడకపోతే నిజంగానే మునిగిపోతుందా? సరిగ్గా రాయి. నాకు సగం సగం చెబితే నిద్ర పట్టదు.

మీ అత్త


ఫిబ్రవరి 2

అత్తా,

సరిగ్గా రాయమన్నావు. సరిగ్గానే రాస్తున్నాను. మునుగుతున్నాం.

వదిలిన రోజు ఇద్దరం పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చాం, ఎవరో చూడడానికి వస్తున్నట్టు. ఎందరు దించుకుంటున్నారో చూపించే గీత ఒకటి ఉంటుంది. పొద్దున ఒక గింజంత లేచింది. సాయంత్రానికి పడుకుంది. ఆ తర్వాత లేవలేదు. అతను దాన్ని చూడడం మానేశాడు. నేను మాత్రం పుండును గోకినట్టు గంటగంటకూ తెరిచి చూస్తున్నాను.

ఇంతవరకు మాకు వచ్చిన అభిప్రాయాల్లో ఒకటి విను: "మధ్యలో ప్రకటనలు రావడం లేదు. ఏదో మోసం ఉంది." ఒక్క చుక్క. రెండోది మా కాలేజీ మాస్టారిది. ఐదు చుక్కలేసి, కింద "కృషి అభినందనీయం" అని రాశారు. మార్కుల షీటు మీద రాసినట్టే.

మొన్న ఒకడు మెసేజి పెట్టాడు. చుక్కలు అమ్ముతాడట. ఎన్ని కావాలంటే అన్ని, గంపగుత్తగా. నేను చదివి నవ్వాను. మూగనోము నవ్వలేదు. "అందరూ కొంటున్నారు. మనమే మడి కట్టుకుని కూర్చున్నాం" అన్నాడు. రెండేళ్ళలో అతను పలికిన అతి పొడుగు వాక్యం అదే అత్తా. దానికి నేను ఎగిరిపడ్డాను. "దొంగ చుక్కలు దొరికితే ఆట ఒక్కటే పోదు, మన ఖాతా మూసేస్తారు, జన్మలో మళ్ళీ తెరవనివ్వరు, తెలుసా" అన్నాను. "తెలుసు" అన్నాడు. "తెలిసే అంటున్నావా" అన్నాను. ఆటలో ఒక కుర్చీ రంగు మార్చుతూ కూర్చున్నాడు, ఆ రంగు బాగానే ఉన్నా.

నిన్న నేను ఏడ్చాను. అతను చూడలేదనే అనుకుంటున్నాను. ఎవరో ఒకరు, మేం ఎరగనివాళ్ళు, ఈ ఆటను ఆడి బాగుందంటే చాలనిపిస్తోంది. ఎక్కువమంది అక్కర్లేదు. ఒక గదిలో పట్టేంతమంది.

కింద బ్యాటరీ షాపాయన ఆట ఎలా ఉందమ్మా అని అడిగాడు. పరవాలేదన్నాను. "చార్జింగు ఎక్కుతోందా" అన్నాడు. ఇంకా లేదన్నాను.

నువ్వు మూడో గది దాటావా?

గడుగ్గాయి


ఫిబ్రవరి 11

గడుగ్గాయీ,

ముందు కళ్ళు తుడుచుకో. తుడుచుకున్నావా. ఇప్పుడు చదువు.

నీ ఉత్తరం చదివాక నాకు అన్నం సయించలేదు. ఎరగనివాళ్ళు ఒక గదిలో పట్టేంతమంది అన్నావు కదా. మా క్యాంటీను గది కాదేంటి. కొనడం తప్పుగానీ అడగడం తప్పు కాదుగా. నిన్న భోజనాల వేళ బల్ల మీద గరిటెతో కొట్టి అందరినీ కూర్చోమన్నాను. "మా పిల్ల ఒక ఆట చేసింది, అందరూ ఫోన్లు తీయండి" అన్నాను.

"ఆడితే టార్గెట్ తగ్గిస్తావా సూపర్‌వైజరమ్మా" అని వెనక నుంచి ఒకతె.

"టార్గెట్ తగ్గించను, తిట్లు తగ్గిస్తాను" అన్నాను. ఆ మాటకే సగంమంది ఫోన్లు తీశారు.

మేనేజరు గది వైఫై పాస్‌వర్డు నాకు తెలుసు, అదే అందరికీ చెప్పాను. ఆ స్టోర్‌లో ఖాతా లేనివాళ్ళకు కాజాలావిడ అప్పటికప్పుడు కొత్త ఖాతాలు తెరిచింది, ఒక్కొక్కళ్ళ ఫోను లాక్కుని, కాజాలు కుట్టినట్టు టకటకా. ఐదు చుక్కలూ నొక్కించాం. కింద ఏం రాయమంటావని అడిగారు. నేను నిలబడి చెప్పాను, వాళ్ళు రాసుకున్నారు: "చాలా బాగుంది. ఆడితే మనసు కుదుటపడుతుంది. మా పిల్ల చేసింది." బడిలో డిక్టేషను చెప్పినట్టుంది. నాకు టీచరు ఉద్యోగం రావలసింది.

ఇస్త్రీ పెద్దమ్మ సంగతి చెప్పాలి. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి నిలబడి ఆమె కాళ్ళు వాచి ఉంటాయి, అక్షరం ముక్క రాదు. "నొక్కితే షాకు కొట్టదు కదా" అంది. ఒక్క వేలితో మొదలుపెట్టి, సాయంత్రం బస్సులో ఆడుకుంటూ పోయి, ఈ పొద్దున వచ్చి ఐదో గది దాటానంది. నేనింకా బీరువా కాలి దగ్గరే ఉన్నాను. "ముడి పడ్డా ఎవరూ తిట్టరే ఇక్కడ" అంది నాతో. నన్నే అందో, ఆటను అందో తెలియలేదు.

ఇప్పుడు నీ గీత లేచిందా? లేచి ఉంటుంది. లేవకపోతే రెండో షిఫ్టువాళ్ళు ఉన్నారు.

గర్వంతో,
మీ అత్త


ఫిబ్రవరి 20

అత్తా,

నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. వచ్చినా ఇప్పుడు నేను ఆ గదిలో లేను. ఇది స్నేహితురాలి హాస్టలు నుంచి రాస్తున్నాను. కొత్త అడ్రసు వెనక రాశాను.

జరిగింది వరసగా చెబుతాను. పదో తారీఖు మధ్యాహ్నం గీత లేచింది. గింజంత కాదు, నిట్టనిలువుగా లేచింది. ఒకదాని మీద ఒకటి ఐదేసి చుక్కలు. నేను అరిచాను. మూగనోము లేచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడి నవ్వాడు, పళ్ళు కనబడేలా. కింద షాపాయన ఏమైందో అని పైకి వచ్చాడు. "ఎక్కిందండీ చార్జింగు" అన్నాను. ఆయనను ఆ మూడో కుర్చీలో కూర్చోబెట్టాం. హెల్మెట్ తీసి మరీ.

మనుషులు ఏం రాశారో మర్నాడు కనబడుతుంది, చుక్కలు ముందు కనబడతాయి. ఆ రాతలు చదవాలని పెందలాడే వచ్చాను. చదవడానికి ఏమీ లేదు. ఆట లేదు. ఖాతా లేదు. స్టోర్ నుంచి ఒక నోటీసు ఉంది: మీ ఆటకు చుక్కలు మోసపూరితంగా పెంచారు, కాబట్టి మూసేశాం. అంతే.

అప్పుడు గుర్తొచ్చింది ఆ చుక్కలవాడు. మూగనోము కంప్యూటరు తెరిచి చూశాను. అతనికి తెలియకుండా కాదు, అతని ముందే. వాడితో మాట్లాడిన మాటలున్నాయి. "ఎన్ని రోజుల్లో పడతాయి?" అని అడిగాడు. తేదీ నేను ఏడ్చిన రోజుది.

"కొన్నావా?"

"అడిగాను. కొనలేదు."

"ఎందుకు అడిగావు?"

"నువ్వు ఏడుస్తున్నావని."

తప్పు చేయనివాడు గొడవ పడతాడు కదా అత్తా, కేకలేస్తాడు, ఒట్టేస్తాడు. అతను కుర్చీలో కూర్చుని తన చేతులు చూసుకున్నాడు.

అప్పీల్ ఒక్కసారే పెట్టుకోవాలి. చిన్న పెట్టె ఇస్తారు, అందులో పట్టేంతే రాయాలి. నేను రాశాను: ఈ పని నా భాగస్వామి నాకు తెలియకుండా చేశాడు, అతన్ని తొలగిస్తాను, ఆటను తిరిగి పెట్టండి. రాస్తుంటే అతను లేచి వచ్చి చదివాడు. "పూర్తి పేరు రాయి. సగం పేరుతో వాళ్ళకు దొరకదు" అన్నాడు. నేను పూర్తి పేరు రాశాను. చేసినవాడే కదా అలా అనగలడు?

జవాబు నేను టీ తాగి వచ్చేలోపే వచ్చింది. నిర్ణయం మారదట. మనిషన్నవాడు చదివితే అంత తొందరగా రాదు. ఇంకోసారి అడిగే వీలు లేదు.

అతను బొమ్మలు గీసే పలకను ప్లగ్గు నుంచి తీసి, తీగను మోచేతికి చుట్టి, సంచిలో పెట్టుకుని, తాళంచెవి హెల్మెట్ పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. తన హెల్మెట్ మరిచిపోయాడు.

నాకు ఏ ధైర్యమూ చెప్పకు. ఉత్తరం మాత్రం రాయి.

గడుగ్గాయి


మార్చి 3

నా తల్లీ,

మూగనోము అని ముద్దుగా పేరు పెట్టాను, మూగదొంగ అని తెలియలేదు. నోట్లో వేలు పెడితే కొరకలేడనుకున్న పిల్లాడు. నా చేత్తో వడ్డించాను వాడికి.

నేను ఫిబ్రవరిలో రాసిన ఉత్తరం నీకు అందలేదా? అందులో ఒక మంచి సంగతి రాశాను. మా వాళ్ళంతా నీకోసం నిజాయితీగా వేసిన చుక్కలు. అవన్నీ వాడి దొంగ చుక్కల్లో కలిసి గంగపాలయ్యాయి కదే. మంచి ధాన్యంలో రాళ్ళు కలిపినట్టు చేశాడు. ఆ పని చేసినవాళ్ళ చేతులు పడిపోను. నేను ఎవరినీ అంత మాట అనను, నీకు తెలుసు. టార్గెట్ తప్పించినవాళ్ళను కూడా అనను. ఇవాళ అన్నాను, మిషన్ల మధ్య నిలబడి, పైకే అన్నాను.

ఒక విచిత్రం. అంగట్లో తీసేశారన్నావు కానీ మా వాళ్ళ ఫోన్లలో ఆట అలాగే ఉంది. తెరుచుకుంటోంది. భోజనాల వేళ ఆడుతున్నారు. కాజాలావిడ చెప్పింది, ఒకసారి దిగాక ఎవరూ లాక్కోలేరట. నేను వాళ్ళకు ఏమీ చెప్పలేదు. మా పిల్ల ఆట బ్రహ్మాండంగా పోతోందని చెప్పాను.

ఇంటికి రావాలనుంటే రా. ఎందుకొచ్చావని అడగను.

మీ అత్త


మార్చి 16

అత్తా,

నీ ఫిబ్రవరి ఉత్తరం అందలేదు. బ్యాటరీ షాపాయనను అడిగాను, ఏమీ రాలేదన్నాడు. దారిలో ఎక్కడో పోయినట్టుంది. పోతే పోయింది, మళ్ళీ రాయకు.

ఒక మాట చెప్పాలి. అతను కొనలేదు. నేను పొరబడ్డాను. ఎలా తెలిసిందని అడగకు, తెలిసింది. చేసినవాళ్ళు నీకు తెలియనివాళ్ళు. చెడు తలపెట్టి చేసింది కాదు. మేలు చేద్దామనే చేశారు. వాళ్ళకు ఈ అంగడి పద్ధతులు తెలియవు, తెలియజెప్పాల్సిన బాధ్యత నాది. చుక్కలు వెయ్యి అని అడగడం తెలిసింది నాకు, ఎలా వేయకూడదో చెప్పడం తెలియలేదు. కాబట్టి ఎవరినీ తిట్టకు. ఆ చేతుల మాట వెనక్కి తీసుకో. నామీద ఒట్టు.

అతని గది వెతుక్కుంటూ వెళ్ళాను. పాత బస్సు డిపో వెనక రేకుల గదులు, వరసలో చివరిది. గుమ్మంలో కూర్చుని బండ్ల నంబరు ప్లేట్ల మీద అంకెలు రాస్తున్నాడు. మధ్యలో ఒక పెద్ద ఆటల కంపెనీలో పని దొరికిందట. చేరిన వారంలో వాళ్ళు తమ ఖాతాలో అతని పేరు ఎక్కించారు. వెంటనే స్టోర్ నుంచి హెచ్చరిక: మూసేసిన ఖాతాతో ఈ మనిషికి సంబంధం ఉంది. వాళ్ళు మర్యాదగానే చెప్పారట, రేపట్నుంచి రావద్దని. స్టోర్‌కు ఆ పూర్తి పేరు అందించిన చేయి నాదే.

నాకు తెలిసిందంతా చెప్పాను. నువ్వు కొనలేదు, నమ్ముతున్నాను అన్నాను. తొమ్మిది అంకె తోక సరిచేస్తూ విన్నాడు. "రుజువు దొరికాక ఎవరైనా నమ్ముతారు" అన్నాడు. కోపంగా కాదు, రంగు ఏ షాపులో దొరుకుతుందో చెప్పినంత మామూలుగా. నేను హెల్మెట్ అక్కడ పెట్టి వచ్చేశాను.

సోమవారం నుంచి పాత ఆఫీసుకు వెళుతున్నాను. నా కుర్చీ వేరేవాళ్ళకు ఇచ్చారు. ప్రింటరు పక్కన కూర్చోబెట్టారు. రోజంతా వెచ్చగా ఉంటుంది.

ఒక్కటి అడుగుతాను. ఆ ఆట ఇప్పుడు మీ వాళ్ళ ఫోన్లలో తప్ప ఈ లోకంలో ఎక్కడా లేదు. నా కంప్యూటరులో ముక్కలున్నాయి కానీ ఆట లేదు, ఆడేవాళ్ళుంటేనే కదా అది ఆట. ఎవరినీ తీసేయొద్దని చెప్పు. ఫోను మార్చొద్దని ఇస్త్రీ పెద్దమ్మకు మరీ మరీ చెప్పు. వాచిన కాళ్ళతో బస్సులో నిలబడి, ఒక్క వేలితో ఐదో గది దాటడం మాటలు కాదు.

గడుగ్గాయి


మార్చి 30

గడుగ్గాయీ,

నీకు అబద్ధం చెప్పడం చిన్నప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.

నేను ఎవరినైనా తిడుతుంటే పక్కన నిలబడి ఇంకో రెండు అందించేదానివి. ఈసారి నామీద ఒట్టు, తిట్టకు అన్నావు. అక్కడే నాకు సూది గుచ్చుకుంది. రెండోసారి చదివితే ఇస్త్రీ పెద్దమ్మ కనబడింది. ఆమె మాట నేను రాసింది ఒక్క ఉత్తరంలోనే. నీకు అందలేదన్న ఉత్తరంలో.

కాజాలావిడను కూర్చోబెట్టి ఆ అంగడి నిబంధనలు చదివించాను. వేరే ఎవరికో సందేహమని చెప్పాను. ఆవిడ గట్టిగా చదివింది. ఒకే చోటి నుంచి, ఒకే పూట, ఒకే మాటలతో, అప్పుడే పుట్టిన ఖాతాలతో వేసినవన్నీ దొంగ చుక్కలేనట. చదువుతూ చదువుతూ ఆవిడ గొంతు తగ్గిపోయింది. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకోలేదు. మిగతావాళ్ళకు చెప్పొద్దన్నాను. వాళ్ళు మా పిల్ల ఆట అని చెప్పుకుంటూ ఆడుతున్నారు, ఆడుకోనీ.

ఆ స్టోర్‌వాళ్ళకు ఉత్తరం రాద్దామనుకున్నాను, తప్పు నాది, పిల్లలది కాదని. ఉత్తరం పంపడానికి అడ్రసు లేదంది కాజాలావిడ. ఫోను నంబరూ లేదు. మనిషే లేనిచోట తప్పు ఎవరి ముందు ఒప్పుకోవాలే.

అందుకని మనిషి ఉన్నచోటికి వెళ్ళాను. ఆదివారం బస్సెక్కి మీ ఊరొచ్చాను. వచ్చి నీ దగ్గరికి రాలేదని ఏమీ అనుకోకు. వస్తే నువ్వు నన్ను ఓదారుస్తావు. నేను దానికి రాలేదు.

డిపో వెనక చివరి గది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "చెప్పొద్దన్నానే" అన్నాడు. నాతో అతని మూడో మాట అది. అంటే నీకు తెలిసిన రోజే, నాకు చెప్పొద్దని నీకు చెప్పింది అతనే. అంత జరిగాక కూడా. నేను ఏమేమో అనుకుని పోయాను, దారంతా మాటలు కూర్చుకుని పోయాను. పీట వేసి కూర్చోమన్నాడు, నీళ్ళిచ్చాడు.

కూర్చుకున్న మాటల బదులు ఫోను తీసి అతని చేతిలో పెట్టాను. బీరువా కాలి దగ్గర దారం అలాగే ఉంది. చూసి కొంచెం నవ్వాడనిపించింది, నా భ్రమేమో. చేతులకున్న రంగు తుడుచుకుని ముడి విప్పాడు. గది తర్వాత గది దాటుకుంటూ పోయాడు. నేను పక్కన కూర్చుని చూశాను. ఎండ పడే గోడలు, మడత మంచం, మెట్లు. చివరి గది తెరుచుకుంది.

నా మిషను. కిటికీ పక్కన. మిషను కింద నీ స్కూలు సంచి, తెగిన పట్టీ వేలాడుతూ. దారం దొర్లుకుంటూ పోయి సూదిలోకి ఎక్కింది, మిషను తిరిగింది, పట్టీ అతుక్కుంది. నీలం పట్టీకి ఎర్రదారం. ఆ రోజు నీలం దారం అయిపోయి ఎర్రదారంతో కుట్టానని, బళ్ళో నవ్వుతారని నువ్వు దారంతా ఏడ్చావని నీకూ నాకూ తప్ప తెలియదు. మిషను అంటే మా ఇంట్లో చూశాడు. ఎర్రదారం నువ్వు చెప్పి ఉంటావు, ఎప్పుడో మాటల మధ్య, చెప్పానని నీకే గుర్తుండదు. అతను విన్నాడు. విని, అన్నాళ్ళు దాచుకుని, కుట్టు కుట్టుగా గీశాడు. అంత వినే మనిషి రెండు మాటలు చెబితే నువ్వు వినలేదు. నేనూ వినలేదు, చేతులు పడిపోనన్నాను.

ఆ మాట వెనక్కి తీసుకోమన్నావు. తీసుకోలేదు. తగలాల్సిన చోటే పడింది, ఉండనీ.

ఫోను నాకు తిరిగి ఇచ్చేసి, అతను మళ్ళీ ప్లేటు ముందు కూర్చున్నాడు. హెల్మెట్ గుమ్మం పక్కనే ఉంది, నువ్వు పెట్టినచోటే, దుమ్ము పట్టి. బస్సు వేళ అయ్యేదాకా కూర్చున్నాను. వెళ్ళొస్తాను బాబూ అన్నాను. తలూపాడు.

నీ గురించి అడగలేదు. అడిగాడని రాయొచ్చు, నువ్వు నాకు ఉత్తరం అందలేదని రాసినట్టు. రాయను.

ఇంకా చేతులున్న,
అత్త